ఎర్రటోపీ, నీలంటోపీ, మధ్యలో పని

చెత్త ఎలా ఎత్తుతారో చూసి రమ్మని కోటిలంక మున్సిపల్ కమిషనర్ ఉపద్రష్ట కామేశం గారిని ప్రభుత్వం వారు జర్మనీ పంపించారు. ఆయన వెళ్ళారు. తీరా చూస్తే అక్కడ ఎక్కడా చెత్త లేదు. లేనిదాన్ని ఎలా ఎత్తుతారో చూడటం ఎవరి తరం? ఊరికే కూర్చుని భత్యం తినడానికి మనసొప్పక, దిగిన గదిలోనే ఒక పంతుల్ని కుదుర్చుకుని జర్మన్ భాష నేర్చుకున్నారు. సగం నేర్చుకునేసరికి తిరుగు విమానం వచ్చేసింది. మిగతా సగం కూడా నేర్చుకుని ఉంటే కోటిలంకకి ఈ కథ తప్పేది.

ఆయన ఏం నేర్చుకొచ్చారో ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసింది చిట్టూరి గవర్రాజుకి. మున్సిపల్ ఆఫీసు గోడకి ఆనుకుని అతనిది పొట్టిక్కల హోటలు. పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన ఆ పొట్టిక్కల కోసం జనం గోదావరి పాయ దాటి పడవల మీద వస్తారు. ఆఫీసులో ఏ మీటింగైనా టిఫిను అక్కణ్ణుంచే. అందుకని మున్సిపాలిటీ ఏ నిర్ణయం చేసినా, అల్లప్పచ్చడి గిన్నెతో గుమ్మంలో నిలబడ్డ గవర్రాజు చెవిన పడ్డాకే కాగితం మీదికి ఎక్కేది.

ఆ రోజు మీటింగులో కమిషనర్ గారు లేచి, "మనం ఎందుకు వెనకబడి ఉన్నాం?" అని అడిగారు.

ఎవరూ నోరెత్తలేదు. చెప్పినవాడికే ఆ పని అప్పజెప్తారని అందరికీ తెలుసు.

"మన దగ్గర వాక్యం సరిగ్గా లేదు," అన్నారు ఆయనే. "ఆ దేశంలో ప్రతి మాటకీ నెత్తిన ఒక టోపీ ఉంటుంది. చేసేవాడికి ఒక రకం, పడేవాడికి ఒక రకం. టోపీ చూస్తే ఎవరేమిటో తెలిసిపోతుంది కనుక ఎవరు ముందున్నా, ఎవరు వెనకున్నా ఇబ్బంది లేదు. 'కుక్క కరిచింది మనిషిని' అనవచ్చు. 'మనిషిని కరిచింది కుక్క' అని కూడా అనవచ్చు. కరవడం మాత్రం కుక్కే కరుస్తుంది. ఎటొచ్చీ పని అనేది సదా రెండో స్థానంలోనే ఉండాలి. దానికి చలనం లేదు."

హెడ్ గుమాస్తా ద్విభాష్యం సోమయాజులు గారు ఆ ముక్క రాసుకుంటూ, "పనికి చలనం లేకపోవడం మన దగ్గర ఎప్పట్నించో అమల్లోనే ఉందండి," అన్నారు.

గుమ్మంలోంచి గవర్రాజు ఉండబట్టలేకపోయాడు. "మన ఊళ్ళోనూ అంతే గదండి. మనిసిని ముందెట్టి సెప్పినా, ఎనకెట్టి సెప్పినా కుక్కే గదండి కరిసేది. మొన్న మా తోడల్లుణ్ణి కరిసిందండి."

కమిషనర్ గారు అతని వంక జాలిగా చూశారు. "అది మీకు తెలియకుండా జరుగుతోందయ్యా. వాళ్ళు తెలిసి చేస్తున్నారు. అభివృద్ధి అంటే అదే."

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఇందుమూలముగా సిబ్బంది యావన్మందీ ఎర్రటోపీ ధరించవలెను, వారు చేసేవారు. అర్జీతో వచ్చు ప్రజలు నీలంటోపీ ధరించవలెను, వారు పడేవారు. టోపీ ఉన్నంతవరకు ఎవరు ఎక్కడైనా కూర్చొనవచ్చును. మున్సిపాలిటీ జనానికి టోపీ పెట్టడం కొత్త కాదుగానీ, ఇలా గేటు దగ్గరే నిలబెట్టి, కొలత చూసి మరీ పెట్టడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆఫీసు స్వరూపం మారిపోయింది. వాచ్‌మన్ వెళ్ళి కమిషనర్ గారి కుర్చీలో కూర్చున్నాడు, అక్కడ ఫ్యాను తిరుగుతుంది కనుక. పన్నుల గుమాస్తా సైకిల్ షెడ్డులోకి మారాడు, అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళడం తేలిక కనుక. ప్రతి గదిలోనూ వరసగా మూడు కుర్చీలు వేసి నడిమి కుర్చీ మీద 'పని' అని రాయించారు. ఆ కుర్చీని కదపకూడదు, పనుంటే తప్ప దానిలో కూర్చోకూడదు. దాంతో అన్ని గదుల్లోనూ అది ఖాళీగానే ఉండేది. శుక్రవారం శుక్రవారం స్వీపరమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకునేది.

ఇంకొక నియమం ఉంది. ఏ ఉత్తర్వైనా అమలు చేయబోయే ముందు పెద్ద హాల్లో కుర్చీల మీద కూర్చోబెట్టి చదవాలి. ఒక పక్క చేసేవాడు, మధ్యలో పని, ఇంకో పక్క పడేవాడు. సోమయాజులు గారు ఆ చివర నుంచి ఈ చివరకి వేలు పెట్టి చదివితేగాని వాక్యం పూర్తయినట్టు కాదు. వీధిలైటు వెయ్యాలన్నా సరే, స్తంభం తరఫున ఒకణ్ణి నీలంటోపీతో కూర్చోబెట్టేవారు.

ఆడవాళ్ళ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఎరుపా, నీలమా అని సోమయాజులు గారు అడిగితే కమిషనర్ గారు తన నోట్సు తిరగేసి, "ఆ భాషలో ఆడమాటకి టోపీ మారదు. చేసినా అదే, పడినా అదే. పసుపు ఇవ్వండి," అన్నారు.

గవర్రాజు హోటల్లోకి తిరిగొచ్చి ఈ సంగతి చెబితే, భార్య మంగాయమ్మ పనసాకులకి పుల్లలు గుచ్చుతూ తల కూడా ఎత్తలేదు.

"చేసేదీ మేవే, పడేదీ మేవే అని తెలుసుకోడానికి జర్మనీ దాకా ఎల్లారాండి," అంది. "ఇటు పక్కకొచ్చి నన్నడిగితే పొయ్యికాడే సెప్పేద్దును గదా."

నవ్వులాట అంతవరకే సాగింది. ఆ నెలలోనే హోటలు తడిక మీద నోటీసు అంటించారు. జర్మన్ పద్ధతి నలుగురికీ తెలిసేలా ఆఫీసు పక్కన 'వాక్య కూడలి' కడతారట. మూడు దిమ్మలు, మధ్య దిమ్మ మీద పని విగ్రహం. పని ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు గనక విగ్రహం సంగతి తరవాత తేలుస్తారట. స్థలం కోసం నెలాఖరుకి గవర్రాజు హోటలును మున్సిపాలిటీ తొలగించును.

ఆ పాక తప్ప గవర్రాజు దంపతులకి వేరే బతుకు లేదు. వేరే చోట పెట్టుకుందామంటే పొట్టిక్కల వాసన తెలిసినవాళ్ళు ఈ మలుపు దగ్గరికే వస్తారు తప్ప ఇంకెక్కడికీ రారు. గవర్రాజు నీలంటోపీ పెట్టుకుని, అర్జీ రాయించుకుని సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఆ వారం మెట్ల కింద కూర్చుంటున్నారు, అక్కడ నిద్ర బాగా పడుతోందని.

సోమయాజులు గారు అర్జీ పైకే చదివారు. "'నా హోటలు తీయవద్దు, ఎందుకంటే మాకు వేరే ఆధారం లేదు.' అయ్యో, చెడగొట్టుకున్నావు గవర్రాజూ. 'ఎందుకంటే' అన్నావే."

"అంటే ఏవైందండి?"

"ఆ భాషలో కారణం చెబితే పని రెండో స్థానం వదిలేసి ఎకాయెకిన చివరికి పోతుంది. నిన్ననే కొత్త నిబంధన వచ్చింది. నీ కాగితం కట్ట అడుక్కి వెళ్ళిపోయినట్టే."

"పోనీ కారణం కొట్టేసి రాయించుకొత్తానండి."

"కారణం లేని అర్జీ మేం తీసుకోం కదయ్యా."

గవర్రాజు టోపీ తీసి తల గోక్కున్నాడు. "మరి నన్నేటి సెయ్యమంటారండి?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. నీది నీలంటోపీ," అన్నారు సోమయాజులు గారు ఎంతో ఆప్యాయంగా.

ఎందుకంటే అన్న మాట రుచి తెలిశాక ఆఫీసులో ఇక దానికి అడ్డు లేకపోయింది. కుళాయి రాలేదేమని అడిగితే ఎందుకంటే అనేవారు, అనగానే కుళాయి పని చివరికి వెళ్ళిపోయేది. చెప్పవలసిన కారణం కూడా అవసరం లేదని తొందర్లోనే కనిపెట్టారు. వచ్చినవాడు నోరు తెరవగానే "ఎందుకంటే" అని ఊరుకునేవారు. వాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు.

ధర్మంగా అడిగితే పని జరగదని తేలాక గవర్రాజులో అసలు గవర్రాజు నిద్ర లేచాడు. చిన్నప్పుడు బడిలో మేష్టారి కుర్చీకి చీమలు పట్టేలా చక్కెర పాకం రాసి, అయిదో తరగతితోనే చదువుకి సెలవు పుచ్చుకున్న మనిషి అతను.

కూల్చివేతల దళానికి మేస్త్రీ అప్పారి బుల్లెయ్య. అతనూ, గునపాలు పట్టిన అతని మనుషులూ రోజూ పొద్దున్న టిఫినుకి అక్కడికే వచ్చేవారు. తినేటప్పుడు ఉక్కపోస్తుందని టోపీలు తీసి మేకుకి తగిలించేవారు. ఒకనాడు బుల్లెయ్య రెండో వాయి పొట్టిక్కల్లో మునిగి ఉండగా గవర్రాజు ఆ మేకుకి తన నీలంటోపీ తగిలించి, ఎర్రటోపీ తన నెత్తిన పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఏరా, ఇంకా ఇక్కడే ఉన్నారేట్రా? కమిషనర్ గారి ఇంటి ముందు అరుగు ఆక్రమణంట. ఎల్లి తీసేయండి," అన్నాడు తిని బయట నిలబడ్డ గునపాల వాళ్ళతో.

వాళ్ళు మొహం చూడలేదు. మొహం చూడటం ఉత్తర్వుకి విరుద్ధం. టోపీ చూశారు, వెళ్ళారు, తీసేశారు. కమిషనర్ గారి భార్య ముగ్గు వెయ్యడానికి ఎప్పటిలాగే తలుపు తీసి అడుగు బయటపెట్టేసరికి అక్కడ అరుగు లేదు. ఆవిడ నేరుగా తులసికోట దాకా వెళ్ళి ఆగింది. ఇక్కడ బుల్లెయ్య నీలంటోపీతో ఆఫీసుకి వెళ్తే గేటు దగ్గర టోపీలిచ్చే మనిషే అతన్ని ఆపి వరసలో నిలబెట్టాడు. "నేన్రా, బుల్లెయ్యని," అంటే, "అర్జీలో రాసి ఇవ్వండి," అన్నాడు. సాయంత్రానికిగాని అతను బుల్లెయ్యేనని తేలలేదు.

కమిషనర్ గారు గవర్రాజుని పిలిపించారు. కోపం ఉందిగానీ దాని వెనకాల ఒక రకమైన ఆనందం కూడా కనపడుతోంది.

"మా అరుగు పోయిందయ్యా. పోతే పోయింది. వ్యవస్థ పనిచేస్తోందని రుజువైంది. మనిషి ఎవరైనా టోపీయే చేస్తుందని నేను చెప్పలా?" అన్నారు. "అయితే నువ్వు చేసింది నేరం. సదరు హోటలు తొలగింపు నెలాఖరుకి కాదు, రేపు పదింటికే. ఇక నుంచి టోపీలకి గడ్డం కింద ముడి వేయించండి సోమయాజులు గారూ."

గవర్రాజు హోటలుకి తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మంగాయమ్మ అడిగింది, అతను చెప్పాడు. ఆవిడ పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, చేతులు కడుక్కుంది.

"నెలాఖరు దాకా ఉన్నది ఒక్క రోజు సేసుకొచ్చారు. మీ తెలివి సల్లగుండా," అంది. "లైసెన్సు ఎవరి పేర్న ఉంది?"

"నీ పేర్నే గదే. మీ నాన్న ఆ రోజుల్లోనే రాయించాడు, నా పేర్న ఉన్నదేదీ నిలబడదని."

"మా నాన్నకి మనుసులు తెలుసు," అంటూ ఆవిడ పసుపు టోపీ పెట్టుకుని, పళ్ళెంలో వేడి వేడి పొట్టిక్కలు సర్ది, గోడ పక్క నుంచి ఆఫీసులోకి వెళ్ళింది.

కమిషనర్ గారు కాగితాలు సర్దుకుంటున్నారు. పళ్ళెం చూసి కూర్చున్నారు.

"నోటీసు మా ఆయన పేర్న రాశారండి," అంది మంగాయమ్మ. "హోటలు నాదండి."

"సరిచేయిస్తాం. హోటలు కుర్చీలో పట్టదు గనక నీ పేరే రాయిస్తాం. మంగాయమ్మను మున్సిపాలిటీ తొలగించును. అంతేనా?"

"అంతేనండి. రేపు ఆ కుర్సీల మీద కూకోబెడతారంట గదండి. నాకు పసుపుటోపీ. మరి మున్సిపాలిటీకి ఏ టోపీ అండి?"

కమిషనర్ గారి మొహం వికసించింది. జర్మనీ నుంచి వచ్చాక ఆయన్ని అలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "మంచి సందేహం. పట్టణం అన్నది ఆ భాషలో స్త్రీ. కనుక మన బోర్డు తెచ్చి కుర్చీలో పెట్టి దానికీ పసుపుటోపీయే పెడతాం."

"ఇద్దరికీ పసుపైతే ఎవరు ఎవర్ని తీసేత్తన్నారో ఎలా తెలుత్తాదండి?"

"దానికీ నియమం ఉందమ్మా. టోపీలు ఒకటే అయినప్పుడు ముందున్నదే చేసేది. వెనకున్నది పడేది. బోర్డుని మొదటి కుర్చీలో పెట్టమని సోమయాజులు గారికి చెబుతాను, ఏ అనుమానమూ ఉండదు."

"సెట్నీ ఎయ్యమంటారాండి?" అంది మంగాయమ్మ.

మర్నాడు పొద్దున్నే మంగాయమ్మ తన తల మీద ఉన్న ఎర్రగళ్ళ తువ్వాలు తీసి దులిపి, హోటలు వెనక పీట వేసుకుని ఎక్కింది. ఆ పక్కనే ఆఫీసు హాలు కిటికీ. కిటికీ కింద మొదటి కుర్చీ. తువ్వాలు ఊచల సందులోంచి విసిరింది. సరిగ్గా వెళ్ళి కుర్చీ మధ్యలో పడింది. ఏళ్ళ తరబడి అమలాపురం బస్సులో కిటికీ సీటు సంపాదించిన చెయ్యి అది.

"ఇదేటే?" అన్నాడు కింద పీట పట్టుకున్న గవర్రాజు.

"సీటు ఏసుకున్నాను."

"వాళ్ళు తీసి అవతల పారేత్తారే."

"మన జిల్లాలో పుట్టినోడెవడైనా ఇంకోళ్ళ తువ్వాలు తీసి కూకుంటాడాండి? తల తీసేత్తారు," అంది ఆవిడ పీట దిగుతూ.

తొమ్మిదిన్నరకి సోమయాజులు గారు పసుపుటోపీ తొడిగిన మున్సిపాలిటీ బోర్డుని చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చారు. మొదటి కుర్చీ దగ్గరికి వెళ్ళారు. తువ్వాలు చూశారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ బస్సులో వస్తున్న మనిషి. ఆ చెయ్యి తువ్వాలు దాకా వెళ్ళి, దానంతటదే వెనక్కి వచ్చేసింది. "ఎవరో వేసుకున్నట్టున్నారు," అని తనలో తను అనుకుని, బోర్డుని తీసుకెళ్ళి మూడో కుర్చీలో పెట్టారు. తరవాత వచ్చిన గుమాస్తాలూ తువ్వాలు చూసి, పక్కనుంచి ఒదిగి నడిచారు. బుల్లెయ్య ఎర్రటోపీతో, గునపంతో వచ్చి నడిమి కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో మనిషి కనపడటం చాలామందికి అదే మొదటిసారి. స్వీపరమ్మ దణ్ణం పెట్టింది.

పదింటికి మంగాయమ్మ వచ్చింది. తువ్వాలు తీసి భుజాన వేసుకుని మొదటి కుర్చీలో కూర్చుంది. గవర్రాజు గోడకి జారబడి నిలబడ్డాడు. ఇది చెడితే సాయంత్రానికి పొయ్యి రాళ్ళు కూడా మిగలవని అతనికి తెలుసు.

కమిషనర్ గారు వచ్చి చేతులు కట్టుకుని, "కానివ్వండి," అన్నారు.

సోమయాజులు గారు కళ్ళజోడు సర్దుకుని, వేలుతో చూపిస్తూ చదివారు. "మంగాయమ్మ." వేలు జరిగింది. "తొలగించును." మళ్ళీ జరిగింది. "మున్సిపాలిటీ." అక్కడ ఆగారు. వేలు తప్పిందేమోనని ఒకసారి తుడుచుకుని మళ్ళీ చదివారు. అదే వచ్చింది.

కమిషనర్ గారి మొహం తెల్లబడింది. "బోర్డుని మొదట పెట్టమన్నాను కదండీ."

"అక్కడ తువ్వాలు ఉందండి," అన్నారు సోమయాజులు గారు. హాల్లో అందరూ అవునన్నట్టు తలలూపారు.

"ఇది చెల్లదు. ఎందుకంటే..."

అనేశారు. ఆ మాట వినపడగానే బుల్లెయ్య నడిమి కుర్చీలోంచి లేచి, వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. నిబంధన నిబంధనే. సోమయాజులు గారి వేలు దానంతటదే మళ్ళీ నడిచింది.

"ఎందుకంటే మంగాయమ్మ... మున్సిపాలిటీని... తొలగించును."

టోపీలు వచ్చాక ఆ ఆఫీసులో చదివిన వాక్యాల్లో హాల్లో వాళ్ళందరికీ ఒక్కసారే అర్థమైనది అదొక్కటే. చీపురు పట్టుకున్న స్వీపరమ్మతో సహా అందరికీ అర్థమైంది. బుల్లెయ్య గునపం భుజాన వేసుకున్నాడు.

"ఎక్కణ్ణించి మొదలెట్టమంటారమ్మా?" అని మంగాయమ్మని అడిగాడు.

"ఆ గందరగోళం కుర్సీలతో," అంది ఆవిడ.

మధ్యాహ్నానికి కోటిలంక మున్సిపాలిటీ రోడ్డు మీద ఉంది. బీరువాలు, బల్లలు, కుర్చీలు, ఎవరూ ఎన్నడూ విప్పని కట్టలు. ఆ ఆఫీసు చరిత్రలో ఒక పని మొదలైన రోజే ముగియడం అంతకుముందు లేదు. కమిషనర్ గారు పై అధికారులకి ఫోను చేశారు. తీసేసిన మున్సిపాలిటీని తిరిగి పెట్టాలంటే ఉత్తర్వు కావాలన్నారు వాళ్ళు. ఉత్తర్వు ఎవరివ్వాలి అని ఈయన అడిగారు. మున్సిపాలిటీ ఇవ్వాలి అన్నారు. మున్సిపాలిటీ లేదు కదండీ అన్నారు ఈయన. అయితే ముందు అది పెట్టుకోండి అని అటు ఫోను పెట్టేశారు.

ఎండ ముదిరింది. సిబ్బందికి నిలబడటానికి నీడ ఉన్నది ఒక్కటే, పొట్టిక్కల హోటలు చూరు. ఒకరి వెనక ఒకరు చేరారు. టోపీలు ఎప్పుడు తీసేశారో ఎవరూ గమనించలేదు. బయట ఎవరో కుళాయి గురించి అడగడానికి వచ్చి, ఏ గదికి వెళ్ళాలో తెలియక, బల్ల మీద కూర్చుని తింటున్న గుమాస్తానే అడిగాడు. ఆయన ఎంగిలి చేత్తోనే కుళాయి మనిషిని పిలిచి పురమాయించాడు. చుట్టూ ఇంతమంది చూస్తుండగా ఎందుకంటే అనడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

చివరికి కమిషనర్ గారు లోపలికి వచ్చి, బల్ల మీద కూర్చుని, కాసేపు పనసాకు బుట్ట విప్పకుండా చేతిలో తిప్పారు.

"మంగాయమ్మ గారూ, హోటలు జోలికి రాము. కూడలీ వద్దు, టోపీలూ వద్దు. అనుమతి ఇస్తే మా సామాను లోపలికి చేర్చుకుంటాం. నియమం ప్రకారం తొలగించినవారే చెప్పాలి మరి," అన్నారు.

మంగాయమ్మ గంటె పక్కన పెట్టింది. "నోటితో అన్నది గాలికి పోద్దండి. హోటలు కాయితం మీద సంతకం పెట్టండి."

కమిషనర్ గారు జేబులోంచి కలం తీసి నోటీసు వెనకాలే రాసి సంతకం పెట్టారు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి బొడ్లో దోపుకుంది.

"సరే. ఎల్లండి," అంది.

కమిషనర్ గారు లేవబోయి ఆగారు. అలవాటు ఒక్క రోజులో పోతుందా? "అందులో చేసేవాడు ఎవరో, పడేవాడు ఎవరో లేదు కదమ్మా. ముందేముంది, వెనకేముంది?"

"ఏవీ లేదండి," అంది మంగాయమ్మ. "ఎల్లండి అంటే ఎల్లడవే."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి నడిచారు. వెనకాల సోమయాజులు గారు, బుల్లెయ్య, గుమాస్తాలు బిలబిలా లేచారు. వాళ్ళతోబాటు గవర్రాజు కూడా లేచి, తువ్వాలు దులుపుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.

"మీక్కాదండి," అంది మంగాయమ్మ, పొయ్యి మీద కొత్త వాయి పెడుతూ. "మీరు కూకోండి."